పెరుగుతున్న ఊరికి చిన్న ఇళ్లు: నేల వెతకడం నుంచి తాళంచెవి దాకా

ఊరు పెరిగిన సంగతి జనాభా లెక్కల కంటే ముందే అద్దెలు చెబుతాయి. నిరుడు రెండు వేలకు దొరికిన గదికి ఈ ఏడు మూడున్నర వేలు అడుగుతారు. మగ్గానికి చోటు చాలక చేనేత కుటుంబం ఇల్లు మారుతుంది. కొత్తగా పెళ్లయిన కొడుకు, కోడలు ఉన్న ఊళ్లో గది దొరక్క మరో ఊరు చూసుకుంటారు. మండల కేంద్రాలు ఒక్కొక్కటిగా మున్సిపాలిటీలవుతున్న మన రెండు రాష్ట్రాల్లో ఈ దృశ్యం అందరికీ తెలిసిందే.

యాభై నుంచి రెండు వందల కుటుంబాలు కలిసి సంఘంగా ఏర్పడి గానీ, ఒక వార్డు కోసం కౌన్సిలరు పూనుకుని గానీ చిన్న ఇళ్ల కాలనీ వేసుకోవాలంటే ఏ పని తర్వాత ఏ పని చేయాలో ఇక్కడ రాస్తున్నాను. సివిల్ ఇంజనీరుగా నా పనికాలమంతా ఇలాంటి లేఅవుట్ల మధ్యే గడిచింది. నాకు బాగా తెలిసివచ్చినవి రెండు సంగతులు. ఇల్లు చిన్నదైనా ఊరికి దగ్గరగా ఉండాలి. ఈరోజు ఎంత చిన్నగా కట్టినా, రేపు పెంచుకోవడానికి దానికి వీలుండాలి. కింద చెప్పే పనులన్నీ ఈ రెండింటి కోసమే.

1. ముందు ఇంటింటికీ వెళ్లి రాసుకోండి

నేల చూడటానికి బయల్దేరే ముందు రెండు ఆదివారాలు దీనికి కేటాయించండి. ఇంట్లో ఎంతమంది, ఎవరు ఎక్కడ పడుకుంటారు, ఎవరు ఏ వేళకు ఎటు పనికి వెళ్తారు, ఇప్పుడు కడుతున్న అద్దె ఎంత, బయటి అప్పు ఎంత, దానికి వడ్డీ ఎంత అన్నది రాయండి. సామాను కూడా రాయాలి. డబుల్ కాట్ ఉందా, బీరువా ఎత్తెంత, కుట్టుమిషను ఏ కిటికీ పక్కన పెట్టారు, తోపుడుబండి రాత్రిపూట ఎక్కడ ఉంటుంది, ఇడ్లీ పిండి గ్రైండరు ఎక్కడ నడుస్తుంది. ఇంట్లోనే పని చేసుకుని బతికేవాళ్లకు ఇల్లే దుకాణం, ఇల్లే కార్ఖానా. బండి నిలబెట్టుకునే చోటు లేని కాలనీలోకి బండి మీద బతికే మనిషి రాడు. వచ్చినా ఆరు నెలల్లో ఇల్లు అద్దెకిచ్చి పాత పేటకే వెళ్లిపోతాడు.

ఈ కాగితాలన్నీ ఒకచోట పేర్చితే కుటుంబాలు మూడు నాలుగు రకాలుగా విడిపోతాయి: ఒంటరిగా ఉంటున్న పెద్దవాళ్లు, కొత్త జంటలు, ఇద్దరు పిల్లలున్న ఇళ్లు, అత్తమామలతో కలిసి ఆరేడుగురున్న ఇళ్లు. అందరికీ ఒకే కొలతలో ఇల్లు గీస్తే ముసలమ్మకు ఊడ్చుకోలేనంత పెద్దదవుతుంది, ఆరుగురికి ఊపిరాడనంత ఇరుకవుతుంది. మూడు కొలతలు పెట్టుకోండి. అంతకు మించితే మేస్త్రీ పని, సంఘం లెక్కలు రెండూ చిక్కుపడతాయి.

2. నెలకు ఎంత కట్టగలరో తేల్చండి

ఇంటి వాయిదా నెల ఆదాయంలో 30 శాతం దాటకూడదన్నది నేను పాటించే గీత. రోజుకూలీల విషయంలో మంచి నెల ఆదాయం పట్టుకోకండి. పని దొరకని ఆషాఢం, వానలు కురిసే నెలలు కలుపుకుని పన్నెండు నెలల సగటు తీయండి. నెలకు 15,000 రూపాయల సగటు ఆదాయమున్న ఇల్లు 4,500 దాకా కట్టగలదు. 9 శాతం వడ్డీకి 20 ఏళ్ల గడువుతో తీసుకున్న 5 లక్షల అప్పుకు వాయిదా దాదాపు అంతే అవుతుంది. అంటే నేల, ఇల్లు, రోడ్డు, కాలువ, రిజిస్ట్రేషన్ అన్నీ కలిపి, ప్రభుత్వ సాయం పోను, ఆ కుటుంబం మీద పడే భారం 5 లక్షలు దాటకూడదు. ఈ అంకె దగ్గర నుంచి వెనక్కి లెక్కేసుకుంటూ రండి. ముందు అందమైన ప్లాను గీసి తర్వాత డబ్బు వెతుక్కున్న సంఘాల పని గోడల దగ్గరే ఆగిపోవడం చాలా చోట్ల చూశాను.

3. నేల ధరతో పాటు ఆటో ఛార్జీ కూడా లెక్కించండి

మొత్తం పనిలో ఎక్కువ నష్టం జరిగేది ఇక్కడే. ఊరికి ఏడు కిలోమీటర్ల దూరంలో నేల చవగ్గా దొరుకుతుంది. ఇంటికి లక్షన్నర మిగులుతుందని అందరూ సంతోషిస్తారు. ఇప్పుడు ఒక ఇంటి లెక్క చూద్దాం. భార్యాభర్తలిద్దరూ పనికి ఊళ్లోకి రావాలి. షేరు ఆటోకు మనిషికి 20 రూపాయలు అనుకుంటే రానూపోనూ ఇద్దరికీ రోజుకు 80. నెలకు 26 పనిదినాలకు 2,080 రూపాయలు. ఇంతకుముందు చెప్పిన వడ్డీ లెక్కలో ఈ డబ్బు 2 లక్షల 30 వేల అప్పుకు వాయిదా అవుతుంది. నేల మీద మిగిలిన లక్షన్నర కంటే ఆటోకు పోయేది ఎక్కువ. పైగా అప్పు ఇరవై ఏళ్లకు తీరుతుంది, ఆటో ఛార్జీకి గడువే ఉండదు. పిల్లల బడి, ఆసుపత్రి, రాత్రి పదింటికి షిఫ్టు దిగిన ఆడవాళ్ల రాక ఈ లెక్కలో ఇంకా చేర్చనే లేదు. నడిచిగానీ సైకిలు మీద గానీ బజారు చేరుకోగల దూరంలో అరెకరం దొరికినా, దూరాన ఉన్న మూడెకరాలను వదులుకోమనే నా సలహా.

నేల ఎంచుకున్నాక కాగితాలు చూడాలి. ఆ నేల మీద జరిగిన లావాదేవీలు, తాకట్లు చూపే ఈసీ (ఎన్‌కంబ్రెన్స్ సర్టిఫికెట్) కనీసం ముప్పై ఏళ్లకు తీయించండి. రెవెన్యూ శాఖ భూమి రికార్డులైన పహాణీ, అడంగల్ చూడండి. రిజిస్ట్రేషన్ చట్టం 22ఏ సెక్షన్ కింద నిషేధిత జాబితాలో ఆ సర్వే నంబరు ఉందేమో సబ్ రిజిస్ట్రారు కార్యాలయంలో అడగండి. అసైన్డ్ భూమి, అంటే ప్రభుత్వం పేదలకు ఇచ్చిన భూమి అయితే చేయి పెట్టవద్దు. అలాంటి భూమి చేతులు మారడాన్ని 1977 నాటి చట్టం నిషేధించింది. చెరువు శిఖంలో (చెరువు నీళ్లు పరుచుకునే నేలలో) గానీ, పూర్తి నీటిమట్టం గీత లోపల గానీ పడుతుందేమో నీటిపారుదల శాఖ పటంలో చూడండి. కాగితాలతో ఆగకుండా పెద్ద వాన పడిన మర్నాడు స్వయంగా వెళ్లి చూడండి. చుట్టుపక్కల పొలాల్లో పని చేసే పెద్దవాళ్లను నీళ్లు ఎటు నుంచి వచ్చి ఎటు పోతాయో అడగండి. పటంలో లేని వాగు వాళ్లకు తెలుస్తుంది.

4. ఎకరాన్ని విడదీయడం

ఎకరం 4,840 గజాలు. అందులో రోడ్లకు 30 శాతం, ఖాళీ స్థలానికి 10 శాతం పోతే 2,900 గజాలు మిగులుతాయి. లెక్క తేలికగా ఉండేందుకు అన్నీ 60 గజాలే అనుకుంటే 48 ఇళ్లు పడతాయి. రోడ్ల కనీస వెడల్పు, వదలాల్సిన ఖాళీల నిబంధనలు పట్టణ ప్రణాళిక విభాగంలో అడిగి ఈ లెక్కను సరిచేసుకోండి. లేఅవుట్ అనుమతి లేకుండా ఒక్క రాయి కూడా పాతవద్దు.

అదే 60 గజాల స్థలాన్ని రోడ్డు వైపు 30 అడుగులు, లోపలికి 18 అడుగులు ఉండేలా గీయవచ్చు. రోడ్డు వైపు 18, లోపలికి 30 ఉండేలా కూడా గీయవచ్చు. ప్లాటు కొనేవాళ్లు ముఖం వెడల్పుగా ఉండాలంటారు. కాలనీ మొత్తం ఖర్చు మోసేవాళ్లు మాత్రం ఇలా ఆలోచించాలి: వంద ఇళ్లు రోడ్డుకు రెండు వైపులా యాభై చొప్పున ఉంటే, మొదటి పద్ధతిలో 1,500 అడుగుల రోడ్డు వేయాలి, రెండో పద్ధతిలో 900 అడుగులు చాలు. మురుగు కాలువ, మంచినీటి గొట్టం, కరెంటు స్తంభాలు, వీధిదీపాలు అన్నీ అదే నిష్పత్తిలో తగ్గుతాయి. చిన్న ఇళ్ల కాలనీలో ఇంత డబ్బు మిగిల్చే నిర్ణయం మరొకటి నాకు తెలియదు. దీనికి సంఘం ఖజానాలోంచి ఒక్క రూపాయి కూడా తీయనక్కర్లేదు.

ఇళ్లు గోడకు గోడ ఆనుకుని ఉంటాయి కాబట్టి వీధుల దిక్కు కూడా ముఖ్యమే. వీధులు తూర్పు పడమరలుగా సాగితే ఇళ్ల ముఖాలు ఉత్తర దక్షిణాలకు ఉంటాయి. మే నెలలో సాయంత్రం ఎండ పడే పడమటి గోడను పక్కిల్లు కాపాడుతుంది. కానీ మనవాళ్లు తూర్పు ముఖం అడుగుతారు, దక్షిణ ముఖం అంటే వెనకాడతారు. ఈ విషయం ముందే సభలో పెట్టి మాట్లాడండి. వాస్తు పట్టింపు లేని కుటుంబాలు ఎన్నో చేతులెత్తించి లెక్కపెట్టండి. దక్షిణపు వరుసకు కావలసినంత మంది నేను పనిచేసిన సంఘాల్లో దాదాపు ప్రతిసారీ దొరికారు. దొరకకపోతే తూర్పు ముఖాలే గీసి, పడమటి వైపు స్నానాలగది వచ్చేలా చూడండి.

ఖాళీ స్థలాన్ని ఒక మూల పడేయకండి. అలా వదిలిన మూల మూడేళ్లలో చెత్తకుప్పో, ఆక్రమణో అవుతుంది. నవీ ముంబయిలోని బేలాపూర్‌లో ఆర్కిటెక్ట్ చార్లెస్ కొరియా 1980ల్లో ఏడేసి ఇళ్లను దాదాపు 8 మీటర్ల చదరపు ముంగిలి చుట్టూ అమర్చారు. ఏడిళ్ల వాకిళ్లూ అటే చూస్తుంటే ఆ జాగాను ఆక్రమించే ధైర్యం ఎవరికీ రాదు. వడియాలు ఎండబెట్టుకోవడం, పసిపిల్లలను ఆడించడం, పెళ్లి పందిరి వేయడం అన్నీ అక్కడే జరుగుతాయి. ఇల్లు చిన్నదైనప్పుడు వాకిలి ఒక గది అవుతుంది.

5. ఇంటి ప్లానును నేల మీద గీయండి

18 అడుగుల వెడల్పు, 30 అడుగుల పొడవు సరిగ్గా 60 గజాలు. ముందు మూడడుగులు, వెనక మూడడుగులు వదిలితే 432 చదరపు అడుగుల్లో ఇల్లు వస్తుంది. జాతీయ భవన నియమావళి ప్రకారం రెండు గదులుంటే ఒకటి కనీసం 9.5 చదరపు మీటర్లు, రెండోది 7.5 ఉండాలి. వెడల్పు మొదటిదానికి 2.4, రెండోదానికి 2.1 మీటర్లకు తగ్గకూడదు. అడుగుల్లో చెప్పాలంటే ముందుగది నూట రెండు చదరపు అడుగులు, వెడల్పు ఎనిమిది అడుగులు. వంటగది 5 చదరపు మీటర్లు, అంటే 54 చదరపు అడుగులు. ఈ కొలతలకు లోబడే 432 అడుగుల్లో రెండు గదులు, వంటిల్లు, స్నానాలగది, మరుగుదొడ్డి, మెట్లు ఇమిడిపోతాయి.

అయితే కాగితం మీద ఇమిడిందని నమ్మకండి. ఒక సంఘం సమావేశంలో ప్లాను చూపిస్తే అందరూ తలలూపారు. మర్నాడు బడి ఆవరణలో అసలు కొలతలకే సున్నంతో గీతలు గీశాం. ఎవరో నవారు మంచం మోసుకొచ్చారు. నాలుగు బిందెలు, ఒక గ్యాస్ సిలిండరు, ఒక గ్రైండరు తెచ్చి గీతల లోపల పెట్టాం. ఇడ్లీలమ్మే ఒకావిడ వంటింటి గీతల మధ్య నిలబడి, వంగి గ్రైండరులోంచి పిండి తీస్తున్నట్టు చేసింది. ‘‘అయ్యా, ఈ తలుపు తెరిస్తే నా నడుముకు తగులుతుంది, చేతిలో పిండి గిన్నె ఉంటే ఏం కావాలి?’’ అని అడిగింది. కాగితం మీద నేను మూడుసార్లు సరిచూసిన తలుపు అది. కాలితో ఆ గీత చెరిపి తలుపును రెండడుగులు పక్కకు జరిపాం. ఇంకో గంటలో స్నానాలగది తలుపు ముందుగది వైపు నుంచి పెరటి వైపు తిరిగింది, అల్మారా గూళ్లు కిటికీ కింద నుంచి తలుపు పైకి ఎక్కాయి. ఆ పూటకు ఖర్చయింది రెండు బస్తాల సున్నం. అదే గోడలు లేచాక మార్చాలంటే ఇంటికి ఎంతవుతుందో మేస్త్రీని అడిగి చూడండి.

ఇక ఇల్లు పెరిగే దారి. పునాదిని మొదటి రోజే పై అంతస్తు బరువుకు సరిపడా వేయించండి. మెట్లను ఇప్పుడే కట్టండి, అదీ వీధి వైపు నుంచి ఎక్కేలా. పది అడుగుల ఎత్తుకు ఏడంగుళాల చొప్పున పదిహేడు మెట్లు పడతాయి. పది అంగుళాల అడుగుతో నిటారుగా వేస్తే పదమూడున్నర అడుగుల పొడవు, మూడడుగుల వెడల్పు చాలు. మెట్ల కింది చోటు తోపుడుబండికో, సైకిలుకో పనికొస్తుంది. దారి విడిగా ఉంటే రేపు పైన వేసుకునే గదిలో కొడుకు కాపురం పెట్టవచ్చు, అద్దెకైనా ఇవ్వవచ్చు. ఆ అద్దెతో వాయిదాలు తీర్చిన కుటుంబాలు నాకు ఎన్నో తెలుసు. ఊరికి వలస వచ్చిన కుర్రవాడికి గది దొరికేదీ అలాగే. స్తంభాల కడ్డీలను పైకి వదిలితే తుప్పు పట్టకుండా పల్చటి కాంక్రీటుతో కప్పించండి.

ఇండోర్‌లో ఆర్కిటెక్ట్ బాలకృష్ణ దోషి రూపొందించిన అరణ్య కాలనీ ఈ ఆలోచన మీదే నిలబడింది. సుమారు 6,500 ఇళ్లకు ప్రణాళిక వేసి, పేద కుటుంబాలకు ముందుగా అరుగు, నీటి వసతి, మరుగుదొడ్డి ఉన్న స్థలం ఇచ్చారు. మిగిలినది వాళ్లు సంపాదన కొద్దీ కట్టుకున్నారు. చిలీ దేశంలోని ఇకీకేలో ఆర్కిటెక్ట్ అలెహాండ్రో అరవేనా బృందం 2004లో దాదాపు వంద కుటుంబాలకు సగం ఇళ్లు కట్టింది. వంటగది, స్నానాలగది, మెట్లు, పక్కింటితో కలిసే గోడ వంటి కష్టమైన సగాన్ని ముందే కట్టి, మిగతా సగానికి పక్కనే ఖాళీ వదిలారు. డబ్బు సగమే ఉంటే ఏ సగం ముందు కట్టాలన్న ప్రశ్నకు ఇంతకంటే మంచి జవాబు నేను చూడలేదు.

6. విడి ఇళ్లా, అంతస్తులా?

నేల ధర భరించలేనంతగా ఉంటే అంతస్తులు తప్పవు. ఆంధ్రప్రదేశ్‌లో ప్రభుత్వ సంస్థ టిడ్కో కట్టించిన ఇళ్లు 300, 365, 430 చదరపు అడుగుల కొలతల్లో వచ్చాయి. హైదరాబాద్ శివార్లలోని కొల్లూరులో 15,660 డబుల్ బెడ్‌రూం ఇళ్లు ఎత్తైన భవనాల్లో కట్టారు. అంతస్తులు ఎంచుకునే ముందు సంఘం తనను తాను అడగాల్సిన ప్రశ్న ఒకటే: లిఫ్టు చెడిపోతే, నీటి మోటారు కాలిపోతే డబ్బు ఎవరిస్తారు? నెలనెలా నిర్వహణ సొమ్ము కట్టలేని కుటుంబాలను లిఫ్టు ఉన్న భవనంలో పెట్టడం వాళ్లకు మేలు చేయదు. లిఫ్టు అవసరం లేని ఎత్తులోనే ఆగి, కింది అంతస్తు పెద్దవాళ్లకు, వికలాంగులకు కేటాయించండి.

7. నీళ్లు, మురుగు ముందు, గోడలు తర్వాత

ఇళ్లు పూర్తయినా నీళ్లూ రోడ్డూ రాక ఏళ్ల తరబడి తాళాలు వేసి ఉన్న కాలనీలను రెండు రాష్ట్రాల్లోనూ చూశాం. అందుకే క్రమాన్ని తిప్పేయండి. పట్టణాల్లో మనిషికి రోజుకు 135 లీటర్ల చొప్పున లెక్క కడతారు. వంద ఇళ్లకు, ఇంటికి నలుగురు చొప్పున, రోజుకు 54,000 లీటర్లు కావాలి. ఆ నీళ్లు ఎక్కడి నుంచి వస్తాయో మున్సిపాలిటీ రాతపూర్వకంగా చెప్పాకే పునాదులు తవ్వండి. 60 గజాల స్థలంలో ఇంటికొక సెప్టిక్ ట్యాంకు, దాని పక్కనే బోరు పెట్టుకుంటే అందరూ ఒకరి మురుగు ఒకరు తాగినట్టే. ఇరవై ఇళ్లకో ఉమ్మడి ట్యాంకు కట్టి, పీల్చే బండి వచ్చి నిలిచేలా దాన్ని రోడ్డు పక్కన పెట్టండి.

8. గోడ, కప్పు, నేల

దగ్గర్లో దొరికేదే వాడండి. రామగుండం, పాల్వంచ, విజయవాడ దగ్గరి ఇబ్రహీంపట్నం, ముద్దనూరు పరిసరాల్లో థర్మల్ కేంద్రాల బూడిదతో చేసిన ఇటుకలు దొరుకుతాయి. నేలకు తాండూరు, బేతంచెర్ల, కడప బండలు పనికొస్తాయి, పగిలినా ఒక్క బండ మార్చుకోవచ్చు. కేరళలో ఆర్కిటెక్ట్ లారీ బేకర్ ప్రచారంలోకి తెచ్చిన ర్యాట్ ట్రాప్ కట్టుబడిలో ఇటుకలను పక్కకు నిలబెట్టి, మధ్యలో ఖాళీ వదులుతూ కడతారు. ఇటుకల్లో నాలుగో వంతు మిగులుతుంది, లోపలి గాలి వల్ల వేడి తగ్గుతుంది. మేస్త్రీకి అలవాటు లేకపోతే ముందు ప్రహరీ గోడ మీద చేయించి చూడండి. కరెంటు గొట్టాల దారి మాత్రం ముందే గీసుకోవాలి. శ్లాబు మీద ఏటా ఉగాదికి ముందు తెల్లసున్నం వేయండి. పై అంతస్తు లేని చిన్న ఇంటికి ఎండాకాలంలో అదే పెద్ద ఆసరా.

9. ప్రభుత్వ సాయం, అనుమతులు

ప్రధానమంత్రి ఆవాస్ యోజన పట్టణ పథకం 2015లో మొదలైంది, 2024లో రెండో విడత వచ్చింది. ఇల్లు కట్టుకునే సాయానికి ఏడాదికి 3 లక్షల లోపు ఆదాయం, దేశంలో ఎక్కడా పక్కా ఇల్లు లేకపోవడం ముఖ్యమైన అర్హతలు. రెండో విడతలో సాయం 2.5 లక్షల దాకా ఉంది. తెలంగాణలో ఇందిరమ్మ ఇళ్ల పథకం సొంత స్థలం ఉన్నవాళ్లకు 5 లక్షలు విడతలుగా ఇస్తోంది. ఇల్లు 400 నుంచి 600 చదరపు అడుగుల మధ్య ఉండాలి. ఈ గీత దాటి కట్టుకుని విడత సొమ్ము ఆగిపోయాక బాధపడేవాళ్లు చాలామంది. కాబట్టి ప్లాను గీసేటప్పుడే పథకం కొలత పక్కన పెట్టుకోండి. తెలంగాణ పట్టణాల్లో 75 గజాల లోపు స్థలంలో కింద, పైన ఒక అంతస్తు దాకా భవన అనుమతి అక్కర్లేదు, ఒక్క రూపాయితో ఆన్‌లైన్ నమోదు చాలు. నిబంధనలు మారుతుంటాయి కనుక దరఖాస్తు రోజున మున్సిపల్ కార్యాలయంలో మరోసారి అడగండి. పట్టా ఇంటి ఇల్లాలి పేరున గానీ, ఇద్దరి పేర్లతో గానీ చేయించండి.

10. కేటాయింపు, అప్పగింత

లాటరీ అందరి ముందూ, చిన్నపిల్ల చేత చీటీలు తీయించి జరపండి. అయితే పక్కపక్కన ఉండాలనుకునే రెండు మూడు కుటుంబాలు ఒకే చీటీగా పేరు ఇచ్చుకునే వీలుండాలి. పనికి వెళ్లే తల్లికి పిల్లను చూసే పొరుగమ్మ దూరమైతే ఆ తల్లి సంపాదన ఆగిపోతుంది.

కాంట్రాక్టరుకు డబ్బు పని పూర్తయిన మేరకే, ఇద్దరు సభ్యులు వెళ్లి చూసి సంతకం పెట్టాకే ఇవ్వండి. మొత్తంలో పది శాతాన్ని మొదటి వానాకాలం దాటేదాకా సంఘం దగ్గరే ఉంచుకుంటామని ఒప్పందంలో ముందే రాయించండి. జూలైలో పెద్ద వాన పడుతున్నప్పుడు గొడుగులు వేసుకుని అన్ని వీధులూ తిరగండి. నీళ్లు నిలిచిన ప్రతి చోటా, చెమ్మ దిగిన ప్రతి గోడ మీదా ఇంటి నంబరుతో సహా గుర్తు పెట్టి జాబితా రాయండి. ఆ జాబితాలో ఆఖరి గుర్తు సరిచేశాకే ఆ పది శాతం చెక్కు మీద సంతకం చేయండి.